రఫ్ఫు కొట్టులో రెక్కల పురుగు

మా అత్తగారి ముందు ‘పురుగు’ అన్న మాట ఎత్తకూడదని పెళ్లికి ముందే ఎవరైనా నా చెవిన వేసి ఉంటే బాగుండేది. ఎవరూ వెయ్యలేదు. పైగా నేను కట్టుకున్నది పురుగుల మీద చదువు చదివి, పురుగుల్ని కాపాడే ఆఫీసులో ఉద్యోగం చేస్తున్న పిల్లని. ఇల్లరికం వచ్చిన కొత్తలోనే నాకు సంగతి బోధపడింది. ఈ ఇంట్లో తల్లికి దేనిమీద పగో కూతురికి దానిమీదే ప్రేమ. ఆ ఇద్దరి మధ్యా నలగడానికి నేనూ, మావయ్యా.

మాది రఫ్ఫు కొట్టు. ముందు గదిలో పని, వెనక గదుల్లో కాపురం, ఆ వెనక చిన్న పెరడు. చిరుగుకి అతుకు వెయ్యడం ఎవరైనా చేస్తారు, రఫ్ఫు అంటే అది కాదు. ఆ బట్ట అంచు మడతలోంచే మరుగున ఉన్న పోగులు లాగి, వాటితోనే కన్నాన్ని నేసినట్టు పూడ్చాలి. ఎక్కడ పూడ్చారో బట్ట సొంతదారు కూడా కనిపెట్టలేకపోవాలి. అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, ఉన్ని కోటుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేది. ఎక్కడో ఒకచోట వెలుతురు చుక్కలా ఇవతలికి వచ్చేది. “కొట్టేసింది ముదనష్టపు పురుగు,” అని సూది అందుకునేది. పక్కనే మావయ్య ఇస్త్రీ బల్ల. ఆవిడకి కన్నం కనబడితే పడదు, ఆయనకి ముడత కనబడితే పడదు.

కొట్టుకి ఒక పద్ధతి ఉంది. గిరాకీ బట్టలోంచి తీసింది ఏదైనా సరే, గుండీ కానీ లోగుడ్డ ముక్క కానీ మిగిలిన పోగు కానీ, పారెయ్యకూడదు. పల్చటి మల్లుగుడ్డ సంచీలో వేసి, పేరు రాసిన చీటీ గుచ్చి, కోట్ల బీరువా తలుపు లోపలి మేకుకి తగిలించాలి. బట్ట ఇచ్చేటప్పుడు దాన్ని కూడా చేతిలో పెట్టాలి. “మనం తీసిందైనా మనది కాదు” అనేది అత్తయ్య.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు మధ్యాహ్నం మేం ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. మోకాళ్ల దాకా బురదతో మా ఆవిడ ఊడిపడింది. చెయ్యి కూడా కడుక్కోకుండా తల్లి కంచం పక్కన ఒక ఆకు పెట్టింది. బూడిద రంగు ఆకు, నిండా కన్నాలు.

అత్తయ్య దాన్ని అలవాటు కొద్దీ కిటికీ వైపు ఎత్తి చూసి, “పురుగు పట్టిందే దీనికి,” అంది.

“అవునమ్మా! పట్టింది!” అంటూ మా ఆవిడ తల్లిని వాటేసుకుంది.

అత్తయ్య ఆ బురద చేతుల్లోంచి నా వంక చూసింది. “ఏవయ్యా, ఆకుకి పురుగు పట్టిందని గంతులేసే పిల్లని నువ్వేం చూసి కట్టుకున్నావు?”

“మీరేం చూసి ఇచ్చారో అదే చూసి, అత్తయ్యా.”

మావయ్యకి పొలమారింది. ఆయన నెత్తిమీద తట్టి, నీళ్లు తాగించి, అప్పుడు అసలు సంగతి విన్నాం.

మూతబడ్డ నూలు మిల్లు వెనక గోడ మీద ఒక పిచ్చితీగ అల్లుకుని ఉంది. ఆ తీగ ఆకు తప్ప ఇంకో ఆకు ముట్టని గొంగళిపురుగు ఒకటుందట. వేరే ఆకు పెడితే పస్తుండి చస్తుంది కానీ తినదట. అది పెరిగితే పగటిపూట ఎగిరే రెక్కల పురుగు అవుతుంది. పై రెక్కలు మసి రంగు, వాటి కింద దాగిన రెక్కలు పండిన నారింజ తొక్క రంగు. తీగని ఎక్కడికక్కడ పీకేస్తూ వచ్చేసరికి పురుగూ మాయమైంది. మా ఆవిడ దాన్ని బొమ్మల్లో చూసిందే కానీ ప్రాణంతో చూడలేదు.

“ఇవి దాని పిల్లలే అయితే ఇంకా ఉన్నట్టేనమ్మా. లోకంలోంచి పోలేదన్నమాట!”

“అయితే అంటావేమిటి? నీకు తెలీదా?”

“ఇలాంటి పిల్లలే ఇంకో మామూలు రకానికీ ఉంటాయి. రెక్కలొస్తే కానీ ఒట్టేసి చెప్పలేం.”

ఇక్కడే ఉంది చిక్కంతా. మిల్లు స్థలాన్ని లారీలు ఆపుకోవడానికి చదును చేస్తున్నారు. వాళ్ల ఆఫీసు పెద్దాయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ పురుగేనని చూపిస్తే గోడనీ, గోడ వెంబడి నేలనీ వదిలేయిస్తాడు. చూపించలేకపోతే చలి ముదిరేలోపు గోడ పడిపోతుంది, ఆయన కూడా ఆపలేడు. అప్పటికే ఆ స్థలం చుట్టూ కాలవ తవ్వేవాళ్లు కన్నాలాకులున్న చోటి దాకా వచ్చేశారు. అందుకని మా ఆవిడ వాళ్లని బతిమాలి, అక్కడి తీగని వేళ్లతో సహా తవ్వి, కుండీల్లో పెట్టి మా పెరట్లోకి తెచ్చింది. గోడకి మిగిలిన తీగ మీద ఒక్క కన్నం కూడా లేదు. ఉన్న ఆశంతా ఈ కుండీల మీదే.

సరిగ్గా అప్పుడే ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లమన్నారు దాన్ని. బయల్దేరే రోజు పొద్దున తల్లిని పెరట్లోకి పిలిచింది.

“అమ్మా, వీటిని నీ చేతిలో పెట్టి వెళ్తున్నా. నీళ్లు పొయ్యి చాలు. పురుగులు కనబడితే ముట్టుకోకు. చంపకు.”

“నాకు చెప్తున్నావా? నా చేతికిచ్చింది ఏదైనా పాడైందటే ఎప్పుడన్నా?”

“పాడవలేదమ్మా. అందుకే ఇస్తున్నా.”

అత్తయ్య పైకి గొణిగింది కానీ ముఖం వెలిగిపోయింది. కూతురు చదువుకున్న చదువులోంచి ఒక్క ముక్క తన చేతికి రావడం అదే మొదలు. ఆ రోజు నుంచి పని మధ్యలో లేచి లేచి పెరట్లోకి వెళ్లేది. కళ్లజోడు సర్దుకుని కుండీల ముందు స్టూలేసుకుని కూర్చునేది. “తినండమ్మా, తినండి. కోట్లు తినే మీ చుట్టాలకంటే మీరే నయం,” అని కనబడని పురుగులకి చెప్పేది.

చలి బట్టలు పెట్టెల్లోంచి బయటికొచ్చే రోజులవి. నేను పొద్దస్తమానం ఇళ్లంట తిరిగి కోట్లు, శాలువలు పోగుచేసుకొచ్చేవాణ్ని. ఒక సాయంత్రం వచ్చేసరికి పెరడు అద్దంలా ఉంది. తీగ మీద ప్రతి ఆకూ నిండుగా, నీళ్లతో కడిగి తుడిచినట్టు ఉంది. కుండీల పక్కన అత్తయ్యా, మావయ్యా చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు.

“కన్నాలు పడ్డవన్నీ మీ అత్తయ్య తీసింది. ముడుచుకుపోయినవన్నీ నేను తీశా,” అన్నాడు మావయ్య.

“పాపం, పిచ్చి ముండలు ఎంగిలాకులు తింటున్నాయి,” అంది అత్తయ్య. “మంచివి మిగిల్చా, సుఖంగా తింటాయని. ఒక్క పురుగుని ముట్టుకోలేదు. ముట్టుకోడానికి అసలు కనబడితేగా!”

నిజం చెప్పొద్దూ, నాకూ చాలా బాగా అనిపించింది. మర్నాడు మా ఆవిడ వచ్చింది. భుజాన సంచీ దించకుండానే పెరట్లోకి పరిగెత్తింది. వెనకే మేం ముగ్గురం, మెప్పు కోసం ఎదురుచూస్తూ.

మా ఆవిడ ఒక ఆకు తిప్పి చూసింది. ఇంకోటి తిప్పి చూసింది. కుండీ వెనక్కి వెళ్లి వంగి చూసింది. లేచేటప్పుడు కాస్త ఆలస్యంగా లేచింది.

“చాలా శుభ్రంగా ఉందమ్మా,” అంది.

“నచ్చిందా?”

“ఊఁ. నచ్చింది. అలిసిపోయానమ్మా, కాసేపు పడుకుంటా.”

గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నేను వెళ్లేసరికి మంచం అంచున కూర్చుని ఉంది. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ముడుచుకుపోయిన ఆకులే ఆ పురుగుల ఇళ్లు. అవి నోటి దారంతో ఆకుని చుట్ట చుట్టుకుని, పగలంతా లోపలే దాక్కుంటాయి. పురుగులు ముట్టుకోవద్దని చెప్పింది కానీ ఆకులు ముట్టుకోవద్దని చెప్పడం తోచలేదు దానికి. కన్నాలూ ముడతలూ తనకి ముద్దొచ్చినట్టే అందరికీ ముద్దొస్తాయనుకుంది. అదీ ఈ ఇంట్లో పుట్టి!

“చెత్తలో వెతుకుదామా?” అన్నాను.

“పెరడు ఊడ్చేశారుగా. పొద్దున చెత్తబండి కూడా వచ్చి పోయుంటుంది.” భుజాన సంచీ అప్పుడు దించి, “అమ్మకి చెప్పకు,” అంది.

“తెలియాలి కదా.”

“తెలిసి ఏం చేస్తుంది? నా చేతికిచ్చింది పాడవలేదన్న మాట మీద బతుకుతోంది ఆవిడ. ఆ మాట నా వల్ల పోకూడదు. పురుగులు ఈసారి రాలేదని చెప్తా.”

అలాగే చెప్పింది. రోజూ మిల్లు గోడ దగ్గరికి వెళ్లి ఖాళీ చేతులతో వచ్చేది. అన్నం దగ్గర మావయ్య ఏదైనా జోకు వేస్తే నవ్వేది, కాకపోతే అందరూ నవ్వడం అయ్యాక నవ్వేది. అవతల కాలవ పని గోడ మలుపు తిరిగింది. పెద్దాయన ఫోన్ చేసి ఏమైనా ఉందా అని అడిగితే ఇంకా చూస్తున్నానని చెప్పేది. తల్లి మనసు కదా, అత్తయ్య కనిపెట్టకుండా ఉంటుందా? ఒకరోజు కొట్లో ఎవరూ లేనప్పుడు నన్ను పట్టుకుంది.

“ఏవయ్యా, ఆ పురుగు దానికంత ముఖ్యమా?”

“చాలా, అత్తయ్యా.”

“రాకపోతే?”

“గోడ కూలుస్తారు. తీగా పోతుంది, పురుగూ పోతుంది. ఇక ఎక్కడా ఉండదు.”

ఆవిడ సూదిలో దారం ఎక్కించబోయి ఆగింది. “చిన్నప్పుడు దాని ఉన్ని గౌను పురుగు కొట్టేసింది. నేను చూసుకుని ఏడుస్తున్నా. అది నా పక్కన కూర్చుని ఏమందో తెలుసా? అమ్మా, దాని కడుపు నిండిందా అని అడిగింది.” నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. “అప్పుడు వీపు మీద ఒక్కటిచ్చా. ఇవ్వకుండా ఉండాల్సింది.”

మర్నాడు పొద్దున నేను కోట్ల బీరువా తెరిచాను. ఏదో తేడాగా తోచింది. ఏమిటా అని కాసేపు నిలబడితే తెలిసింది, వాసన లేదు. ఆ బీరువా తెరిస్తే కలరా ఉండల ఘాటు ముక్కులో గుచ్చుకోవాలి. మా పెళ్లి బట్టలకీ అదే వాసన, నా తుండుగుడ్డకీ అదే వాసన. అర అరకీ, మేకు మేకుకీ వేలాడే ఆ తెల్ల ఉండలు ఒక్కటీ లేవు.

“అత్తయ్యా, కలరా ఉండలేవీ?”

“తీసేశా. డబ్బాలో పెట్టి మూత బిగించి డాబా మీద పడేశా.”

“అన్నీనా? బట్టలకి పురుగు పట్టదూ?”

అత్తయ్య సూది మీంచి చూపు తిప్పలేదు. “పట్టనీ. ఒక్కటైనా పట్టనీ. వేరే రకమైతే మాత్రం పురుగు కాదూ? దానికి చూసుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది.”

జీవితమంతా ఏ పురుగుని గడప తొక్కనివ్వకుండా కాపలా కాసిందో, ఆ పురుగుకి ఆవిడ తలుపు తీసి పెట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతికందిన కోటు దులుపుతున్నట్టు వెనక్కి తిరిగాను. నిజం చెప్పేద్దామా అని నోటి దాకా వచ్చింది. మా ఆవిడ చెప్పొద్దన్నది గుర్తొచ్చి మింగేశాను.

తర్వాత పని మీద పడ్డాం. చలి మొదలై గిరాకీ ముమ్మరమైంది. బ్యాండు మాస్టారు వచ్చిన రోజున కొట్లో కాలు పెట్టే చోటు లేదు. ఆయనది ఎర్ర ఉన్ని కోటు, మోచేతుల దగ్గర కొట్టేస్తే అత్తయ్య పూడ్చింది. ఆయన కంగారు మనిషి. వస్తూనే “నా ఇత్తడి గుండీలు! వాయించడానికి వెళ్లాలి, నా గుండీలు!” అంటూ, నేను చీటీ వెతికేలోపే బీరువా తలుపు మేకు మీది సంచీ ఒకటి తనే లాక్కుని మూతి విప్పేశాడు.

లోపల చెయ్యి పెట్టి, కెవ్వుమన్నాడు.

“పురుగులు! అమ్మో, రఫ్ఫు కొట్లో పురుగులండీ!”

కొట్లో ఒకావిడ తన శాలువ ముద్దగా చుట్టుకుని గుండెకి హత్తుకుంది. అయిపోయింది, ఇన్నేళ్ల కొట్టు పేరు గంగలో కలిసింది అనుకున్నాను. మావయ్య ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అత్తయ్య లేచింది. మాస్టారు చేతిలోంచి సంచీ తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. ఎండి నలిగిన ఆకు తుక్కు, అందులో గుడ్డ కుట్టు వెంబడి అతుక్కుని గోధుమరంగు గూళ్లు. ఒక గూడు లోపల ఏదో మెదిలింది. సంచీకి గుచ్చిన చీటీ మీద ఆవిడ చేతి రాతే. ‘అమ్మాయి’ అని ఉంది.

“ఒసే!” అని అరిచింది అత్తయ్య. అది ఇంట్లోకి వినబడే అరుపు కాదు, వీధి చివరి దాకా వినబడే అరుపు. “ఒసే, రావే! పురుగులొచ్చాయే! మన కొట్లో పురుగులున్నాయే తల్లీ!”

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. “అంత సంతోషంగా చెప్తారేంటండీ!” అన్నాడు బ్యాండు మాస్టారు.

మా ఆవిడ సగం అల్లిన జడతో పరిగెత్తుకొచ్చింది. సంచీలోకి చూసింది. కూర్చోడానికి చోటు లేక, మాస్టారి కోటు పక్కనే నేల మీద చతికిలబడింది.

“ఇదెక్కడిదమ్మా?”

“నువ్వు లేనప్పుడు మేం తీసిన ఆకులే. నీ కుండీల్లోంచి తీసింది నీకివ్వాలిగా. నువ్వొచ్చిన రోజే ఇద్దామనుకున్నా, పడుకున్నావు. మేకుకి తగిలించా. తర్వాత పనిలో పడి మర్చేపోయా.” అత్తయ్య ఆగింది. సంచీ వంకా, కూతురి వంకా చూసింది. “అంటే... ఆ ముడుచుకున్నవి వాటి ఇళ్లా? నేను తీసేసింది వాటినేనా?”

మా ఆవిడ తలూపింది.

“మరి చెప్పలేదేమే ఇన్నాళ్లూ?”

“ఏం చెప్పమంటావు? నీ చేతికిచ్చింది పాడవలేదుగా,” అని మా ఆవిడ తల్లి మోకాళ్ల మీద తల పెట్టి భోరుమంది. అత్తయ్య ఆ సగం జడ పూర్తి చేస్తూ కూర్చుంది. గిరాకీలు ఎవరి కోటు వాళ్లు వెతుక్కున్నారు.

కోసేనాటికే తిండి ముగించి గూళ్లు కట్టే దశకి వచ్చాయి కాబట్టీ, అత్తయ్య కలరా ఉండలు తీసేసింది కాబట్టీ బతికాయంది మా ఆవిడ. గూళ్లు గుడ్డలోకి అల్లుకుపోయాయి కాబట్టి విడదియ్యకూడదంది. మూతి విప్పి, సంచీని కిటికీ దగ్గర, అత్తయ్య కుర్చీ పక్కనే వేలాడదీశాం. ఎండ తగిలితే అత్తయ్య శాలువ అడ్డం పెట్టేది. ఎవరైనా దగ్గర్లో తుమ్మితే కళ్లెర్రజేసేది. కలరా ఉండల డబ్బా డాబా మీదే ఎండకి ఎండింది.

ఒక పొద్దున నేను కొట్టు తలుపులు తీస్తుంటే, “ఏవండీ, రండి!” అని మా ఆవిడ కేకేసింది. సంచీ అడుగు మూలలో గూడు పగిలింది. పురుగు బయటికి వచ్చింది కానీ, రెండు వరసల కుట్టు మడతలో ఇరుక్కుపోయి పైకి రాలేక కొట్టుకుంటోంది. తడి రెక్కలు ముద్దగా ఒంటికి అంటుకుని ఉన్నాయి.

“ఎక్కడైనా పట్టుకుని వేలాడాలి. అప్పుడే రెక్కలు సాగుతాయి. ఇలాగే ఆరిపోతే ఇక విప్పుకోవు,” అంటోంది మా ఆవిడ. సన్న పట్టకారు దగ్గరికి పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకుంది. “లాగితే కాలు ఊడుతుంది.”

“తప్పుకో,” అంది అత్తయ్య.

కళ్లజోడు పెట్టుకుని, సంచీ మూలని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఒళ్లోంచి పోగులు కత్తిరించే చిన్న కత్తెర తీసింది. ఊపిరి బిగబట్టి, పురుగుకి వెంట్రుకవాసి పక్కన, గుడ్డని కోసింది. ఆవిడ తన చేత్తో బట్టకి కన్నం చెయ్యడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

పురుగు ఆ కన్నంలోంచి తల బయటపెట్టి, తడుముకుంటూ వచ్చి అత్తయ్య బొటనవేలు ఎక్కింది. వేలికి వేలాడింది. అత్తయ్య చెయ్యి కదల్చలేదు. వచ్చిన గిరాకీలని మావయ్య నోటి మీద వేలేసి గుమ్మంలోనే నిలబెట్టాడు. ముద్దగా ఉన్న రెక్కలు నెమ్మదిగా కిందికి సాగుతున్నాయి.

“ఒక్కో ముడతా దానంతటదే పోతోందే!” అన్నాడు మావయ్య ఆశ్చర్యంగా. “ఇస్త్రీ లేకుండానే!”

పై రెక్కలు మసి రంగు. అవి ఒక్కసారి విచ్చుకున్నాయి. కింద పండిన నారింజ తొక్క రంగు.

“అదేనా?” అని గుసగుసగా అడిగింది అత్తయ్య.

“అదేనమ్మా.”

పెద్దాయన కారు మా కొట్టు ముందు ఆగేసరికి ఇంకా ఆవిడ చెయ్యి అలాగే ఉంది. తిమ్మిరెక్కిందని కూడా చెప్పలేదు.

మిల్లు గోడ నిలబడింది. లారీలు వేరే చోటు వెతుక్కున్నాయి. మిగతా గూళ్లలోంచీ ఒక్కొక్కటే వచ్చాయి, అన్నిటినీ మా ఆవిడ ఆ గోడ దగ్గరే వదిలింది. కుండీల్లోని తీగని మళ్లీ అక్కడి నేలలోనే నాటాం. మరుసటి వానల్లో ఆకుల నిండా కన్నాలున్నాయని కబురు తెచ్చి ఇల్లంతా గంతులేసింది. ఈసారి అత్తయ్య మమ్మల్నందర్నీ వెంటేసుకుని వెళ్లి చూసొచ్చింది. ముడుచుకున్న ఆకు దగ్గర మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

అలాగని అత్తయ్య మరీ అంత మారిపోలేదు. చివరి పురుగు ఎగిరిన రోజు సాయంత్రానికే కలరా ఉండలు డాబా దిగి బీరువాలో చేరాయి. కోటు ఎత్తి చూస్తే ముదనష్టపు పురుగు అన్న మాట ఇప్పటికీ వినబడుతుంది.

ఆ మల్లుగుడ్డ సంచీ మాత్రం కిటికీ దగ్గరే ఉంది. కొత్తగా వచ్చే గిరాకీలు దాన్ని చూసి ఊరుకోరు. రఫ్ఫు కొట్లో, రఫ్ఫు చేసే మనిషి కళ్లెదురుగా కన్నం పడ్డ సంచీ ఏమిటండీ, పూడ్చకూడదూ అని అడుగుతారు. అత్తయ్య సూది పనిలోంచి తలెత్తదు.

“అది మా అమ్మాయిదండీ. ఇంకా తీసుకెళ్లలేదు,” అంటుంది.